గూనపెంకలోడు

జులై నెల. పన్నెండు గొట్టంగనే పని బంద్,
మళ్ల నాలుగింటికి.
బహ్రెయిన్‌ల అది సర్కారు రూలు.
ఎండ ఏ రూలూ వినది.
ఊరి పేరే సార్. అండ్ల ఇంగ్లీషోళ్ల బడి,
పిల్లలు సెలవులకు పోయిన్రు,
వరండల టైల్స్ పరిచేది మేం నలుగురం.
సల్మాబాద్ క్యాంపుకు పోయి రాను నడుమ బస్సు లేదు.
లైబ్రరీ ఏలియమ్మ తలుపు తీసి పెట్టేది,
"చెప్పులు బయట" అని ఒక్క మాట, అంతే.

ఏసీ కింద పండినా నాకు నిద్ర పట్టలే.
బీరువ వెనుక పడ్డ పుస్తకం ఒకటి దొరికింది:
పిల్లలది, బొమ్మలది, ఇంగ్లండు రాజుల కత.
పదో తరగతి ఫెయిలు నేను, అది గూడ ఇంగ్లీషుల్నే.
ఫోన్ కెమెరా పేజీ మీద పెడితే
అక్షరాలు వణుక్కుంట వణుక్కుంట తెలుగైతయి.

ఒక రాజు ఆరుగురిని చేసుకున్నడు.
ఒక రాజు తల చలికాలంల తెగింది;
వణికితే భయమనుకుంటరని
రెండంగీలు తొడుక్కొని పోయిండంట.
నడుమ ఒక పేజీల ఫోన్ చెప్పింది: "ఏమి దర్జీ."
మళ్ల పెట్టిన. మళ్ల "ఏమి దర్జీ."
బొమ్మల కుట్టుమిషను లేదు, కత్తెర లేదు,
గుర్రం మీద ఒక బక్కమనిషి,
వెనుక వేలమంది, చేతులల్ల కొడవండ్లు.

ఏలియమ్మ నవ్వి నవ్వి కండ్లద్దాలు తుడుచుకుంది.
"అది పేరు, రాజలింగం. వాట్ టైలర్.
బట్టలు కుట్టెటోడు కాదు,
ఇంటి మీద పెంకలు కప్పెటోడు."
నా చేతులు చూసుకున్న.
గోర్లల్ల సిమెంటు.
మనోడే అన్నమాట.

ఆమె హిందీల చెప్పింది, నేను తెలుగుల విన్న,
నడుమ కొంత జారి పడ్డది.

ముందుగాల పెద్ద రోగమొచ్చిందంట,
మూడిండ్లకు ఒకిల్లు తాళం పడ్డదంట.
కోతకు మనుషుల్లేక, మిగిలినోళ్లు
ఇంకో పైసిస్తెనే కొడవలి పడతమన్నరంట.
రాజు కాయితం తీసిండు:
రోగానికి ముందటి కూలే తీసుకోవాలె,
ఉన్న దొర దగ్గర్నే ఉండాలె,
దాటిపోతే నొసట వాత.

దీనికి నాకు ఫోన్ అక్కర పడలే.
మాకూ రోగమొచ్చింది.
పైమంచం లింబాద్రి
మంగళారం దగ్గిండు, శుక్రారానికి మంచం ఖాళీ.
ఊరికి పెట్టె గూడ పోలే, ఈడ్నే ఇసుక కప్పిన్రు.
ఆ నెల నుంచి జీతం సగం.
రోగం పోయింది. సగం పోలే.
వేరే కంపెనీ చూసుకుంటనన్న గంగన్న పేరు పక్కన
"పరారీ" అని పడ్డది,
నొసటి మీద కాదు, కంప్యూటర్ల.
కనపడదు గని మానదు.

"తర్వాత?" అన్న.

తర్వాత తలకింతని పన్నేసిన్రంట,
పెంకలోడు ముందు, ఊర్లన్ని వెనుక, పట్నం దాక నడిచిన్రంట.
రాజుకు పద్నాలుగేండ్లు. మా పెద్దోని ఈడు.
సరే, ఇస్త, అన్ని ఇస్త అని కాయితాలు రాసిచ్చిండంట.
పశువుల అంగడి మైదానంల ఎదురుపడ్డరు.
జూన్ ఎండ.
పెంకలోడు గుర్రం దిగి, రాజు చెయ్యి పట్టి ఊపి,
తమ్మీ అన్నట్టు పలకరించి,
నోరెండుతుంది, నీళ్లు తెమ్మన్నడు.
అందరి ముందట పుక్కిలించిండు.
దొరలకు మండింది. ఎవనిదో కత్తి.

"పుక్కిలిస్తే చంపిన్రా?"
"అదొక్కటే కాదు," అన్నది ఏలియమ్మ.
"రాసిచ్చిన కాయితాలు?"
"వాపసు."
పేజీ తిప్పింది. అటు ఇంకో రాజు.

నాలుగైంది. ఫోర్‌మన్ విజిలేసిండు.
పొద్దున పరిచిన వరుస మీద
సుత్తి పిడితో కొట్టుకుంట పోయిన.
టక్, టక్, టక్. ఒకదాని కింద బోలు.
"వదిలెయ్, ఎవనికి తెలుస్తది," అన్నడు.
ఉలి పెట్టి లేపిన.
అండ్ల నుంచి వేడి గాలి మొఖానికి కొట్టింది.
సీస ఎత్తి నోటినిండ నీళ్లు పోసుకున్న, కాగిన నీళ్లు.

ఆ పుస్తకంల రాయలే:
పుక్కిలించిన నీళ్లు మింగిండా, ఉమ్మిండా?

ఫోర్‌మన్ నా దిక్కే చూస్తుండు.
నీళ్లు ఇంక నోట్లనే ఉన్నయి.