రాత్రి ఏడు నుంచి నాలుగు దాకా

లీమాలో చలికాలమంతా ఆకాశం
సగం తుడిచిన నల్లబల్ల.
వాన అనలేం, మంచు అనలేం,
కిటికీ అద్దాల మీద సన్నగా కూచునే తడి.
నాలుగో అంతస్తు ల్యాబ్‌లో కూచుని నేను
కొండలకవతల, ఎక్కడో అడవిలో పారే
నాపో నది నాడి చూస్తుండేదాన్ని.

ఒడ్డు పొడుగునా పదమూడు ఆరోగ్య కేంద్రాలు.
చెట్ల తలలు దాటి పదమూడు ఇనుప స్తంభాలు.
ఒకదాని మాట ఇంకొకటి అందుకుని
దిగువకి చేరవేస్తాయి
జ్వరాల లెక్క, పాము కాట్లు,
సెలైన్ నిండుకుందన్న కబురు.
గాలిలో మాటకి పట్టేది ఎనభై మిల్లీసెకన్లు.
పడవలో అయితే రెండు రోజులు,
అదీ నదికి దయ కలిగితే.

అన్నిటికన్నా ఎగువనున్న పదమూడోది మాత్రం
రాత్రి ఏడింటికి మూగబోయేది,
తెల్లవారుజామున నాలుగింటికి నోరు విప్పేది.
గ్రాఫులో రోజూ ఒకే చోట ఒకే లోతు గొయ్యి
ఎవరో పలుగు పట్టి తవ్వినట్టు.

నది మీది పొగమంచు, అన్నాను.
తరంగం వంగిపోతోంది, అన్నాను.
తేమనీ ఉష్ణోగ్రతనీ నీటి మట్టాన్నీ
ఒక సమీకరణంలో కూచోబెడితే
బుద్ధిగా కూచున్నాయి.
నూటికి తొంభై ఒకటి కుదిరింది.
ప్రొఫెసర్ సోయిలా వర్కాయా కళ్లద్దాలు పైకి నెట్టి
"ఇది పత్రం అవుతుంది" అంది.
ఆ మాటకి నాకు వారం రోజులు ఆకలి వేయలేదు.

ఆగస్టు పద్నాలుగు రాత్రి ఒక్కటే మొండికేసింది.
ఆ రాత్రి స్తంభం తెల్లవార్లూ మాట్లాడుతూనే ఉంది.
ఒక్క రాత్రే కదా.
పరికరం తప్పు, అని రాసి కొట్టేశాను.

అక్టోబరులో తేమమీటర్లు మోసుకుని
నేనే ఎగువకి వెళ్లాను.
మెట్ల దగ్గర పడవ తాడు అందుకున్నవాడు
లెయోవీనో కొకించే,
నర్సు, కాపలాదారు, మెకానిక్, అన్నీ తానే.
ఏడు కావస్తోంది.
మంచు ఇంకా దిగలేదు.
అతను బల్ల కింద వంగి రెండు తీగలు ఊడదీశాడు,
పొయ్యిలో కట్టె వెనక్కి లాగినంత మామూలుగా.

నా మొహం చూశాడు కాబోలు.
"సోలార్ పలక ఒకటి కొమ్మ పడి పగిలింది, ఇంజనీరమ్మా.
మూడు ఉత్తరాలు రాశాను.
ఉన్న బ్యాటరీ ఒకటే, రాత్రికి ఇద్దరిని మోయలేదు.
ఫ్రిజ్‌లో పిల్లల టీకాలున్నాయి.
మాట పొద్దున్న కూడా చెప్పుకోవచ్చు."

నా సంచీలో తేమమీటర్లు
ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

"మరి ఆగస్టు పద్నాలుగు?"

అతను గళ్ల పుస్తకం తీశాడు.
అంచులు నదిలో తడిసి ఉబ్బిన పుస్తకం.
*ఎల్వీరా నొతేనో. రెండో కాన్పు. రక్తం ఆగలేదు.*
*రాత్రంతా ఇకీతోస్ డాక్టరు లైన్లో ఉంది.*
*ఫ్రిజ్ ఆపాను.*
*తల్లీ బిడ్డా క్షేమం.*
*పదకొండు సీసాలు పాడయ్యాయి, పూచీ నాది.*

నాలుగు నెలలు నేను నాడి పట్టుకున్నది
నదిది కాదు.

తిరిగొచ్చి ఆ రాత్రిని గ్రాఫులో మళ్లీ పెట్టాను.
వైవాలో ఒక పెద్దాయన దాని మీద వేలు పెట్టి
"ఈ చలరాశి ఏమిటి?" అన్నాడు.
పేరు చెప్పాను.
ఇంటిపేరు అక్షరాలు కూడబలుక్కుని రాసుకున్నాడు.
కొత్త పలక డిసెంబరులో వెళ్లింది, పడవలో.
పూచీ సంగతి ఏమైందో ఇంకా తెలియదు.

మంచు సమీకరణం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.
అప్పుడప్పుడు తెరిచి పాత అంకెలు పోస్తుంటాను.
ఇప్పటికీ
నూటికి తొంభై ఒకటి కుదురుతుంది.