ఏటి తేలింది

శనివారం రాత్రి ఎచ్చెర్లలో కరెంటు మూడుసార్లు పోయింది,
రెండుసార్లు వచ్చింది.
సోమవారం పొద్దున్న ల్యాబు తలుపు తీసేసరికి
ఫ్రిజ్ కింద చిన్న మడుగు,
లోపల నూట ముప్పై ఆరు గొట్టాలు
గోరువెచ్చగా, అమాయకంగా.

శనివారం చివరగా తాళం వేసింది హైమావతి.
మడుగు తనే తుడిచింది, గుడ్డ పిండి ఆరేసింది,
ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయింది.
మూడు రోజులు ఆమె ఫోను పలకలేదు.

ఇప్పుడీ ల్యాబుకి పెద్దదాన్ని నేనే.
సారు డిప్యుటేషను మీద ఢిల్లీ వెళ్తూ
తాళాలగుత్తి నా అరచేతిలో వేసి
"చూసుకోమ్మా" అన్నారు.
ఏం చూసుకోవాలో అడిగేలోపు కారు కదిలిపోయింది.
నాయకత్వం మీద శిక్షణకి ఒకసారి
రెండు రోజులు విశాఖ పంపారు.
తెరమీద నిచ్చెన బొమ్మ, మెట్టుకో మంచిమాట.
భోజనం బాగుంది.
నిచ్చెన కింద చతికిలబడ్డ పిల్ల సంగతి
ఏ మెట్టు మీదా రాసి లేదు.

అందుకని నాకొచ్చిందే చేశాను.
ఫోనులో ఐదు వాక్యాలు కొట్టాను.
"బాధ్యతారాహిత్యం" అన్న మాట
ఒక్క అక్షరం తడబడకుండా వచ్చింది.
ఒకప్పుడు నాకు వచ్చిన ఉత్తరంలోదే, కంఠతా ఉంది.
పంపడమే తరువాయి, బొటనవేలు గాల్లో ఉంది.

చీపురు గోడకానించి తవిటయ్య అన్నాడు:
"ఫ్రిజ్జి సచ్చిపోతే ఇంకోటి కొంటారమ్మా.
ఆ గుంట తిందో లేదో ఎవులైనా సూసినారేటి?"

చిలకపాలెంలో ఆమె గది.
గడియ తీయడానికి చాలాసేపు పట్టింది.
లోపల పట్టపగలే రాత్రి.
మంచం కింద క్యారేజీ, మూత తీయలేదు.
ధైర్యం చెబుదామని నోరు తెరిచాను,
నా గొంతులో సారు గొంతు వినపడి మూసేశాను.

సంచిలోంచి నా రెండో ఏడాది నోటుపుస్తకం తీశాను.
నలభై రెండో పేజీ, నలభై మూడూ
జిగురుతో అంటించేసి ఉంటాయి.
మిల్లీగ్రాము ఉండాల్సిన చోట మైక్రోగ్రాము,
ఎనిమిది నెలల లెక్కలు,
ఇంటికెళ్లబుద్ధి కాక
నాగావళి వంతెన మీద నిలబడిపోయిన సాయంత్రాలు,
అన్నీ ఆ రెండు పేజీల మధ్యే.
గోటితో అంచు లేపి ఆమెకిచ్చాను.
మెల్లగా విడదీసింది. చదివింది.
మూడు రోజుల్లో మొదటి మాట:
"జిగురు గట్టిగానే పెట్టేవక్కా."
నవ్వామో ఏడ్చామో గాని
పక్కగదివాళ్లు గోడ మీద కొట్టారు.

ఆ వారంలోనే రిమ్స్‌లో, మనసు డాక్టరు గది బయట
బల్ల మీద కూర్చున్నాం.
ఆమె కోసం ఒక చీటీ.
కౌంటర్లో అమ్మాయి నావైపు చూసి "మీకూనా?" అంది.
ఔనన్నాను. ఆ మాట నాకే కొత్త.

తరవాత ఐసుపెట్టె మోసుకుని కవిటి వైపు వెళ్లాం.
జీడితోట పక్కన బావి, గట్టు మీద మామ్మ,
ఎప్పటి ప్రశ్నే: "ఏటి తేలిందే?"
"పరీక్షల్లో ఉంది మామ్మా" అనడం నాకలవాటు.
హైమ ముందుకొచ్చింది.
"ఏటీ తేల్లేదు మామ్మా. ఉన్నదంతా మా కాడే పాడైపోనాది.
మళ్లీ నీళ్లు కావాల."

మామ్మ ఊరుకోలేదు.
"మా నీళ్లన్నీ మీ సీసాల్లోకే.
రోగం మటుకు మాకే వొగ్గీసినారు."
దానికి మా దగ్గర జవాబు లేదు.
లేదని నిలబడ్డాం.
కాసేపటికి ఆమే చేద వదిలింది.
అది నీళ్ల మీద కొంచెంసేపు ఊరికే తేలింది,
పక్కకి ఒరిగింది, మునిగింది.
తాడు బరువెక్కాక ముగ్గురం లాగాం.

తిరుగు బస్సులో పెట్టె మా మోకాళ్ల మీద.
గతుకొచ్చినప్పుడల్లా చెరో వైపూ పట్టుకున్నాం.
సారుకి ఉత్తరం మొదలెట్టాను.
హైమ తొంగి చూసి, "నేనే పాడుచేశానని రాయి" అంది.
"మా ల్యాబులో పాడయ్యాయి" అని రాశాను.
ఇన్వర్టరు కావాలనీ రాశాను.
ధర కనుక్కోమని తవిటయ్యకి ఫోను చేస్తే
పెద్దదా చిన్నదా అని అడిగాడు.

ఆ ఐదు వాక్యాలు ఇంకా నా ఫోనులోనే ఉన్నాయి.
చెరిపేద్దామనుకుంటూనే బస్సు టెక్కలి దాటేసింది.