కారణం అన్న గడి

ఎనుమాముల మార్కెట్ ఎనుక
మూడంతస్తుల కోల్డ్ స్టోరేజీ.
పన్నెండు బేస్ పెట్టెలు, నలభై చేతిఫోన్లు.
వాటన్నిటి ఊపిరి
నా ముందున్న తెర మీద పడుతది.

ఆకుపచ్చైతే బతికున్నట్టు.
పసుపైతే ఏదో నలత.
ఎరుపైతే నేను లేవాలె.

మొదట్ల ప్రతి మోతకూ ఉలిక్కిపడేదాన్ని.
ఇప్పుడు ఎరికే:
ఐదో బేస్ మూగబోతే
ఎలుక మళ్ల వైరు కొరికినట్టు,
తూకం కాడి ఫోన్ అరిస్తే
గుమాస్తా సారంగం ఛార్జింగ్ మరిచినట్టు,
తొమ్మిదీ పదీ ఒకదాని మాట ఒకటి వినకుంటే
నడుమ ఎవరో బస్తాల గోడ కట్టినట్టు.
మిర్చి సీజన్ల సిగ్నల్ సుత తుమ్ముతదని
మెకానిక్ మొగిలి నవ్విస్తడు.

ఒక్కటే అంతు చిక్కలే.
రోజూ రాత్రి రెండు నలభైకి
ఇరవై మూడో నంబరు మాయమయ్యేది.
రేంజ్ లేదు.
పదకొండు నిమిషాలు.
మళ్ల ఏమీ ఎరగనట్టు
ఆకుపచ్చగ వచ్చి కూసునేది.

మొగిలి బ్యాటరీ మార్చిండు.
ఫోనే మార్చిండు.
బేస్ మూతి ఇటు తిప్పిండు, అటు తిప్పిండు.
రిజిస్టర్ల 'కారణం' అన్న గడి
పదిహేను రాత్రులు ఖాళీగనే ఉన్నది.

పదహారో రాత్రి నేనే పోయిన.

మూడో ఛాంబర్ తలుపు జానెడు మందం,
దాన్ని దాటి ఏ పిలుపూ లోపలికి పోదు.
లోపల ఓదెలు.
పగలు హమాలీ, రాత్రి వాచ్‌మన్.
చపాట మిర్చి బస్తాల సందున
ఇనుప స్తంభానికి
రెండరచేతులూ ఆనించి నిలబడ్డడు.

"మంట అక్కా" అన్నడు, తిరగకుండనే.
"నూనె రాసిన, మజ్జిగల ముంచిన.
పండుకుంటే దుప్పటి సుత మండుతది.
చిన్నదాన్ని ఎత్తుకోక నెల దాటింది.
ఈడ జరసేపు..."

చేతులు చూపియ్యలే. నేనూ అడగలే.
నడుముకున్న ఫోన్ మాత్రం
బేస్ కోసం దేవులాడుకుంట
ఎర్రగ రెప్పలు కొడుతున్నది.

పైకొచ్చి కలం పట్టిన.
తలుపు మందం అని రాస్తే
తెల్లారి లోపల ఒక బేస్ బిగిస్తరు,
మేనేజర్ గొంతు ఆడికీ వస్తది.
ఓదెలు అని రాస్తే
ఓదెలు పోతడు.
రిజిస్టర్ మూసిన.

ఇప్పుడు రెండు నలభైకి ఎరుపు పడితే
మోత ఆపుత, గడియారం మీది చూపు ఆప.
పదకొండు నిమిషాలు అతని చేతులవి.
పన్నెండోది నాది.

మొన్న పన్నెండు దాటింది.
మెట్లన్నీ ఒక్క దమ్ముల దిగి
తలుపు గుంజితే
సల్లటి చీకటి, మిర్చి ఘాటు.
ఎవ్వలు లేరు.

గేటు కాడ ఉన్నడు ఓదెలు,
గ్లాసును తువ్వాల కొసతోని పట్టుకొని
చాయ్ ఊదుకుంట.
"ఫోన్ సచ్చింది అక్కా, ఛార్జింగ్ పెట్టలే."

తిట్టిన. బాగనే తిట్టిన.
అతని దగ్గరే సగం చాయ్ తాగి
పైకొచ్చి
ఆ గడిల మొదటిసారి రాసిన:
ఛార్జింగ్ లేక.