పేజీ రెండువందల పన్నెండు

సిరోంచల మా బడి మరాఠీ.
ఇంట్ల తిట్లు, దీవెనలు, లెక్కలు తెలుగు.
నాలుగో తరగతి దాక చెన్నూరుల మేనమామ ఇంట్ల ఉన్న గనుక
గుండ్రటి అక్షరాలు నా ఒక్కదానికే వస్తయి.
మిగిలినోళ్లకు అక్షరమంటే
నెత్తిమీది గీతకు, దండెం మీది బట్టలోలె, వేలాడాలె.

అందుకే "పొగరాజ్యం" నేను చదువుత, వాళ్లు వింటరు.
వంతెన పడ్డంక పనిలేక బోర్లపడ్డ నాటుపడవ మీద,
ప్రాణహిత ఇసుకల కాళ్లు పెట్టి,
ఆచల్, ప్రణాలి, వైభవ్,
వైభవ్ తమ్ముడు సమ్ము.

మొదటి భాగం ఒక్క వానకాలంల ఒడిసింది.
రెండో దానికి రెండేండ్లు ఆగినం.
మంచిర్యాల పోయే బావతోని తెప్పిచ్చినం,
మూడువందల యాభై, తలా ఇంత ఏసుకొని.
ప్రణాలియి తునికాకు పైసలు.

నిన్న ఆఖరి పేజీ అయింది.
ఇగ మొదలైంది.

"వజ్రికి ఏమైంది?" అన్నది ఆచల్.
"మొదటి దాంట్ల భుజంతోని కోట తలుపు ఇరగ్గొట్టింది.
గిండ్ల మూడు అధ్యాయాలు కిటికీకాడ కూసొని ఏడుస్తది.
గది గూడ గా యువరాజు కోసం,
వానికి గుర్రం ఎక్కుడే రాదు!"

"నాకు ఏడ్సుడే నచ్చింది" అన్నది ప్రణాలి.
"తలుపులు ఇరగ్గొట్టేటోళ్లకు ఏడ్పు రాదా?
పోలీసు భర్తీకి ఉరికే మా అక్క రోజు రాత్రి ఏడుస్తది.
నాలుగింటికి లేసి మళ్ల ఉరుకుతది."

ఆచల్ కొద్దిసేపు ఇసుక తవ్వింది.
"ఏడ్వనీ. గా యువరాజు కోసం మాత్రం వద్దు."

వైభవ్‌కు మ్యాపు లేదని కోపం.
"పొగనది మొదట్ల ఉత్తరం దిక్కు పారె,
ఇప్పుడు దక్షిణం. నదికి గంత తెల్వదా?
ఇంక గా ముగింపు! కత్తి ఎత్తింది, అంతే, అట్ట.
మూడోది కొనిపిచ్చే ఉపాయం."

సమ్ము ఎక్కువ మాట్లాడడు. మాట తడబడుతది వానికి.
మొదటి భాగం సంది వాని చేతుల
సెల్లులు లేని టార్చిలైటు ఒకటి ఉంటది,
పొగల దారి చూపే మూగ తుమ్మెన్న లాంతరోలె.
వాడు అడిగిండు, ముక్కలు ముక్కలుగ,
"తు... తుమ్మెన్న ఏడి?"

"ఔ, ఏడి?"
"రాసినాయన మర్చిపోయిండు!"
"మొత్తంల ఒక్కసారన్న రాలె!"
యువరాజు, మ్యాపు, కత్తి అన్నీ పక్కకు పోయినయి.

నేను అట్ట గోకుకుంట కూసున్న.
తుమ్మెన్న మొదటి భాగంలనే సచ్చిపోయిండు.
రెండువందల పన్నెండో పేజీల
వజ్రిని ఒడ్డుకు నూకి, లాంతరుతో సహా మునిగిండు.
ఆ రోజు సమ్ము నా మోకాలుకు ఆనుకొని ఉండె,
టార్చిలైటు మీట నొక్కి పట్టుకొని, అది ఎలగకున్న.
"పేజీలు అతుక్కపోయినయి" అని రెండు ఒక్కసారే తిప్పిన.
తర్వాత అడపాదడపా
నా నోటికొచ్చిన ముచ్చట్లు కలిపిన.
ఒకసారి వజ్రికి జొన్నరొట్టె గూడ ఇప్పిచ్చిన వానితోని.
పుస్తకం మొత్తంల గదే మంచి జాగ అని
ఆచల్ ఇప్పటికీ అంటది.
రెండో దాంట్ల గూడ కలుపుదామనుకున్న.
రెండేండ్లు పెద్దగైనం. నోరు రాలె.

"ఆయనకు ఉత్తరం రాయాలె. నువ్వే రాయి."
వాళ్లు చెప్తున్నరు, నేను రాస్తున్న.
అయ్యా, మీరు తుమ్మెన్నను మర్చిపోయిండ్రు, అని వాళ్లు.
అయ్యా, తుమ్మెన్నను సంపింది మీరు, దాసింది నేను.
మూడో భాగంల వాన్ని లేపే తొవ్వ ఏదన్న ఉంటె చూడుండ్రి,
లేకుంటె ఆ రొట్టెనన్న ఎవరితోనైనా ఇప్పియ్యుండ్రి, అని నేను.

సమ్ము కాయితం మీదికి వంగిండు.
టార్చిలైటు అంచు ఒక అక్షరం మీద పెట్టిండు.
"తు" అన్నడు, తడబడకుండ.
బస్టాండుల తెలంగాణ బస్సుల బోర్డులు చూసుకుంట
ఎన్ని దినాలసంది నేర్సుకుంటున్నడో.
"మ్మె" అన్నడు. "న్న."

తర్వాతి మాట మీద
నా అరచెయ్యి ఉన్నది.