రేపు తీద్దువులే

ఔలూలో మూడింటికే చీకటి.
ఇర్మెలి తెర మీద అరవై నాలుగు కోర్లు,
ఒళ్లు వంచి పని చేస్తున్నట్టే ఉంటాయి.
నిజానికి ముప్పాతిక పాళ్లు
ఒకే తాళం ముందు గిరగిరా తిరగడమే.

అడిగేదేముంది? ఒక ఫైలు పేరు.
చూసి పోతాం అంటాయి.
చూసిపోయేవాడికీ తలుపు గడియ పెట్టాలా?

మొదట తాళాన్ని ముక్కలు చేసింది,
తిలా పాపం తలా పిడికెడు,
గంపకో బుల్లి తాళం.
కాస్త నయం.
రూట్ డైరెక్టరీ దగ్గర మాత్రం
అదే తొక్కిసలాట.

మూడోవారం, కాఫీ చల్లారిపోయాక,
చదివేవాళ్లకి తాళమే లేకుండా చేసింది.
వస్తూ అంకె చూసుకో,
పోతూ మళ్లీ చూసుకో,
మారిందా, మొదటికి రా.
కొట్టేసిన పేరుని మాత్రం
అప్పుడే పారెయ్యకు,
దాని మీదున్న ఆఖరి చూపు
పక్కకి తిరగనీ.

ఫ్యాన్ల రొద తగ్గింది.

ఆ ఒక్క తాళం రాసింది తౌనో.
అప్పుడు ఉన్నదే ఒక్క ప్రాసెసరు, తప్పేం కాదు.
వసంతంలో రిటైరయ్యాడు.
అతని గది తలుపు మీది పేరుపలక ఊడదీయడానికి
స్క్రూడ్రైవరుతో కుర్రాడొచ్చాడు.

"రేపు తీద్దువులే" అంది ఇర్మెలి.

పలక ముందు
ఉత్తరాల కట్టతో ఒకావిడ
ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటోంది.