ఎడమ దీపం

గుణుపురంలో ధాన్యం మిల్లు వెనక
రేకుల షెడ్డు, అందులో పదకొండు కార్లు.
సావుకారు బుడితి జగ్గారావు బతికున్నంత కాలం
తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడేది.
ఊకదుమ్ము లోపలికి రాకుండా
తలుపు సందుల్లో తడిగోనెలు కుక్కడం నా పని.
ముప్పైరెండేళ్లు కుక్కాను.

ఎవరికీ చూపించేవాడు కాదు.
కలెక్టరు అడిగితే బ్యాటరీ లేదన్నాడు,
వియ్యంకుడు అడిగితే ఇవాళ శనివారమన్నాడు.
పరాయి చూపు తగిలితే
ఇనుముకీ తుప్పు పడుతుందని ఆయన నమ్మకం.

ఆయన పోయాక కొడుకు బరంపురం నుంచి వచ్చి
ఆదివారాలు తెరవమన్నాడు.
మనిషికి పది రూపాయలు, పిల్లలకి ఐదు.
కార్లకీ జనానికీ మధ్య నవారు తాడు.
"ముట్టరాదు" అని తెలుగులో, ఒడియాలో
నేనే రాశాను, మిగిలిన బంపరు రంగుతో.

పాతపట్నం పెళ్లివారొచ్చి
ఆస్టిన్ ముందు ఫొటోలు దిగారు.
కాలేజీ కుర్రాళ్లు మైలేజీ అడిగారు.
ఒకడు ధర అడిగి
నేను చెప్పకముందే ఎక్కువన్నాడు.

నాలుగో ఆదివారం, వాన.
గొడుగు లేకుండా ఒక ముసలమ్మ,
చెవి తమ్మెలు భుజాల దాకా సాగి,
తడిసిన పది కాగితాన్ని
మడత విప్పి మరీ నా అరచేతిలో పెట్టింది.
పేరు సొంబారి సబర. పుట్టాసింగి కొండల మనిషి.
సగం తెలుగు, సగం ఒడియా,
అందనిచోట సవర మాట.

పది కార్లు దాటిపోయింది,
సంతలో తనవి కాని మేకల్ని దాటినట్టు.
చివరి నల్ల మోరిస్ దగ్గర ఆగి
"దీని కళ్లు ఊడదీసీవోరు కదా బావూ" అంది.

అప్పటికి వంశధార మీద వంతెన లేదు.
బండి ఎస్టేటు దివానుది.
ఏరు పొంగితే వెదుళ్ల మీద కట్టి
నలభైమంది భుజాల మీద దాటించేవారట.
ముందువరసలో మూడోవాడు వాళ్లయ్య.
దివాను లోపలే కూర్చునేవాడు, అద్దాలెత్తుకుని.
నీళ్లు తగలకుండా దీపాలు విప్పి
పిల్లల నెత్తిన పెట్టేవారు.

"ఎడంది నాది. ఎనిమిదేళ్లు నాకు.
ఒడ్డెక్కినాక దించి, దాంట్లో
నా ముకం సూసుకున్నాను.
అంత పెద్ద ముకం నాకున్నట్టు తెల్దు.
సెయ్యి జారిపోనాది. రాయి మీద పడ్డాది."

చూశాను. దీపం చుట్టుకి కింద,
గడియారంలో ఏడుండే చోట,
బొటనవేలంత సొట్ట.
దానితో నాకు పాత తగాదా.
చెక్క సుత్తితో, వేడినీళ్లతో,
ఒకసారి బూతులతో కూడా తీయబోయాను.
రాలేదు.

"డ్రైవరు గవరయ్య తప్పన్నారు.
మూడు నెల్ల జీతం కోసీసినారు.
నాను నోరిప్పనేదు."

ఇది చెప్పడానికే వచ్చానని అనలేదు.
గవరయ్య వాళ్లెవరైనా ఉన్నారా అనీ అడగలేదు.
తాడు దగ్గర నిలబడింది.
చీర అంచు నుంచి కారిన నీళ్లు
సిమెంటు మీద చిన్న మడుగు.

తాడు నేను విప్పలేదు.
ఉన్నదున్నట్టు చెప్పాలి కదా,
మూలనున్న కెమెరా గుర్తొచ్చింది నాకు.
ఆవిడే వంగి కిందనుంచి దూరింది,
కంచెల కింద దూరడం తెలిసిన వీపు.
రెండు చేతులా దీపాన్ని పట్టుకుంది,
ఇంకా అంతే బరువుందో లేదో చూస్తున్నట్టు.
ముఖం చూసుకుందో లేదో
నేనున్న వైపుకి కనపడలేదు.

ఫోను మోగింది. బరంపురం.
ఎవరా ముసలావిడ, తాడెందుకు దాటింది?
"ఈ బండిని మోసినావిడ" అన్నాను.
లైను సరిగా లేదనుకుని
హలో, హలో అన్నాడు చాలాసేపు.

కలకత్తా నుంచి తెప్పించిన కొత్త చుట్టు
బల్ల మీద అట్టపెట్టెలో ఉంది.
సోమవారం బిగించాలి.
ఇవాళ గురువారం.
తడిగోనెలు మార్చాను, టైర్లలో గాలి చూశాను.
పెట్టె మీద నా టీ గ్లాసు
గుండ్రంగా మూడు మచ్చలు పెట్టింది.