వేడినీళ్ళ చీటీ

నూట నలభై మందిమి. ఒక గోలెం.
గోలెంలో చెయ్యెట్టి మేనేజరు తీసిన చీటీ మీద
నా పేరే ఉంది: చోడిపల్లి నూకరత్నం, మూడో బల్ల.
కొండ మీద కొత్తగా కట్టిన జపాను హోటల్లో
ఒక రాత్రి, ఇద్దరికి.

మా ఆయన నవ్వీసేడు.
"వేడినీళ్ళకి హోటలేటే? కాగెట్టి నేను కాస్తాను,
అయిదొందలు నాకియ్యి."
రెండో మనిషిని కంపెనీయే రాసింది,
ఎదర కూకునే మనిషే కదా అని: గరికిన కొర్లమ్మ.
ఎదర కూకుంటాది, నిజమే.
మూడేళ్ళయింది మేం మాటాడుకుని.

రుషికొండ దాటేక ఆటో దిగి
ఎవరి సంచీ వాళ్ళం పట్టుకుని నడిచేం.
చెప్పులు గుమ్మం బయటే ఇడిసేయాలంట.
పాడేరు నించొచ్చిన పిల్ల ఒకత్తె
పలచటి అంగీలు చేతిలో ఎట్టి చెప్పింది:
"కుడి కొస లోపలికి, ఎడం కొస పైకి అమ్మా.
తిరగేసి కట్టేది పీనుక్కి మాత్రమేనంట.
మాకూ మూడ్రోజులు నేర్పేరు."

గదిలో మంచం లేదు. చాప మీద పరుపు.
ఇంత డబ్బు పోసుకుని కిందే తొంగోబెట్టేరని
నవ్వొచ్చింది.
నవ్వడానికి పక్కనున్నది కొర్లమ్మ.
మింగీసేను.

రాత్రి తిండికి బల్లంతా చిన్న చిన్న గిన్నెలు,
ఒక గిన్నెలో ఒకే ఒక్క రొయ్య.
పదహారు-ఇరవై కౌంటు, చూడగానే తెలిసింది.
తోక మొదట్లో గోటి గాటు.
మా షెడ్డులో అలా గాటెట్టేది ఒక్కర్తే,
లేదంటే నాకలా అనిపించిందో.
తలెత్తి చూసేను.
ఆవిడ తన రొయ్యని అటూ ఇటూ తిరగేసుకుంటోంది.

తరవాత నీళ్ళు.
ముందు పీట మీద కూకుని ఒళ్ళు తోముకోవాలి,
శుభ్రమయ్యేకే స్నానమంట. మరింక స్నానమెందుకో.
పావడాలు గుండెల దాకా కట్టుకుని
రాళ్ళ తొట్టిలో దిగేం,
ఆ చివర ఆవిడ, ఈ చివర నేను.

ఇరవైరెండేళ్ళు ఐసులో ఉన్న చేతులు
వేడిని నమ్మలేదు.
ముందు మంట. తరవాత సూదులు.
ఎముకల్లో ఎక్కడో గడ్డకట్టిన పాత ఉదయాలు
ఒక్కొక్కటీ చిటచిటమన్నాయి.
నాలిక్కి ఉప్పు తగిలింది.
భూమిలోంచి పొంగిన బుగ్గేం కాదంట,
బోరు నీళ్ళకి ఉప్పు కలిపి బాయిలర్లో కాస్తారంట,
తువ్వాళ్ళిచ్చే పిల్లే చెప్పీసింది గొంతు తగ్గించి.
అయితేనేం. ఒంటికేం తెలుసు నీళ్ళ పుట్టుక.

కింద చీకట్లో, రేవు పిలవని ఓడలు
దీపాలెట్టుకుని కూకున్నాయి.
వాటిలో ఏదో ఒకటి మా పెట్టెలు మోసుకుపోద్ది
ఇలాటి నీళ్ళు నిజంగా పొంగే దేశానికి.

"ఆ రోజు నా తూకం తగ్గింది" అంది కొర్లమ్మ,
ఓడలకేసే చూస్తూ. "రెండు కేజీలు."
ఆవిరి మా మధ్యన లేచింది, చెదిరింది.
"ఎవరో తీసేరు."

షెడ్డులో అయితే ఈ మాట దాటేసుందును.
మూడేళ్ళు దాటేసేను కూడా,
మూతికి మాస్కు, చేతికి గ్లౌజు, పైన మిషన్ల రొద.
ఇక్కడ ఒంటి మీద తడి పావడా తప్ప ఏటీ లేదు.
"నేనే" అన్నాను.
పిల్లకి ఫీజు కట్టాలని, అనబోయి ఆపీసేను.
అదీ నిజమే. కానీ తూకం తూకమే.

ఆవిడ ఏటీ అనలేదు.
చాలాసేపు. వేళ్ళ కొసలు ముడతలు పడేదాకా.
ఐసులోనూ ఇలాగే పడతాయి, ఇదే ముడత.
"మూడొందలు కోసేరు" అంది ఆఖరికి.
లేచి ఎల్లిపోయింది.

గదిలో తడిజుట్టు ముడేసుకుని
అంగీ చుట్టుకుంటన్నాను,
చేతులు వొణికిపోతన్నాయి, ఏ కొస ఎటో.
కొర్లమ్మ ఎదరకొచ్చి నిలబడింది,
బల్లకి అవతల నిలబడ్డట్టే.
"ఏటే ఇది, సచ్చినదాన్లా" అని
కట్టు విప్పీసి,
కుడి కొస లోపలికి తోసి, ఎడం కొస పైకి లాగి,
నడుం దగ్గర గట్టిగా,
కొంచెం ఎక్కువ గట్టిగానే,
బిగించింది.

తెల్లారి అయిదింటికి షిఫ్టు.
ఐసు తొట్టిలో చేతులెట్టేం.
ఆ మూడొందలూ ఇంకా ఇయ్యలేదు నేను.
నెలాఖరికి.